ఐదో హ్యారీ పాటర్ దగ్గర ఆగిపోయాను, ఏం చేయమంటారు?

మాది అమలాపురం దగ్గర పల్లె. హ్యారీ పాటర్ మొదటి నాలుగు పుస్తకాలు సెలవుల్లో కాలవగట్టు మీద కూర్చుని, అమ్మ అన్నానికి పిలుస్తున్నా వినపడనంతగా చదివేశాను గానీ, 2003లో వచ్చిన ఐదోది మాత్రం పన్నెండో అధ్యాయం దాటట్లేదు. మొత్తం 38 అధ్యాయాలు, ఏడింటిలోకీ ఇదే లావు! హ్యారీ అయినదానికీ కానిదానికీ అరుస్తాడు (పదిహేనేళ్లు కదా, మా తమ్ముడూ అంతే), ఆ అంబ్రిడ్జ్ మేడమ్ వస్తే ఒళ్లు మండిపోతోంది. గుర్తుగా పెట్టిన కొబ్బరాకు ముక్క ఎండి పేజీల్లోనే విరిగిపోయింది. దీన్ని వదిలేసి ఆరోదానికి వెళ్తే కథ అర్థమవుతుందా? లేదంటే ఎక్కడ ఊపందుకుంటుందో చెప్పండి, అక్కడిదాకా ఓపిక పడతాను. చివర్లో ఎవరో చనిపోతారని మా ఫ్రెండ్ నోరు జారింది, ఎవరో మాత్రం చెప్పకండి ప్లీజ్.