సైనిక వైద్య చిహ్నంలో పాము ఒకటా, రెండా?

ప్రశ్న: మన ఆర్మీ మెడికల్ కోర్ చిహ్నం గీయాలి. నెట్‌లో కొన్ని బొమ్మల్లో రెండు పాములు, రెక్కలు ఉన్నాయి. ఏది సరైనది?

జవాబు 1: మనది ఒక్క పామేనండి, రెక్కలుండవు. అది గ్రీకుల వైద్యదేవుడు అస్క్లేపియస్ దండం. పైన అశోక సింహాలు, చుట్టూ లారెల్ ఆకుల దండ. నినాదం ‘సర్వే సంతు నిరామయాః’. రెండు పాములు, రెక్కలు ఉన్నది హెర్మెస్ చేతికర్ర కాడ్యూసియస్; ఆయన దేవతల వార్తాహరుడు, వర్తకుల దేవుడు. వైద్యంతో సంబంధం లేదు.

జవాబు 2: ఈ గందరగోళానికి ముఖ్య కారణం అమెరికా సైన్యం. 1902లో వాళ్ల మెడికల్ కోర్ కాలర్ బ్యాడ్జీకి కాడ్యూసియస్ తీసుకుంది. డాక్టర్లది అక్షరం లేని బంగారు రంగు బ్యాడ్జీ, ఎత్తు 1 అంగుళం. దంతవైద్యులకు దానిమీదే నల్ల ఎనామిల్‌తో ‘డి’, నర్సులకు ‘ఎన్’. విచిత్రమేమిటంటే, అదే వైద్యశాఖ రెజిమెంటల్ చిహ్నంలో మాత్రం ఆకుపచ్చ పాము ఒక్కటే. అందులోని 20 నక్షత్రాలు 1818 నాటి రాష్ట్రాల సంఖ్య.

జవాబు 3: గీసేటప్పుడు ముందు నిలువు కర్ర, తర్వాత దానిమీద పాము మెలికలు వేయండి. పాము కర్రను దాటేచోట ఒకటి విడిచి ఒకటి పాము గీతను చెరిపేయాలి. మెలికలన్నీ కర్రకి ముందువైపే ఉంటే చుట్టుకున్నట్టు కాక, అతికించినట్టు కనిపిస్తుంది. ఎంబ్రాయిడరీకైతే పాముకీ కర్రకీ మధ్య ఖాళీ బాగా వదలండి, లేకపోతే దారాలు కలిసిపోయి ముద్దవుతుంది.