‘రెబెకా’ నవలలో మాక్సిమ్‌ను మనం ఎందుకు క్షమిస్తున్నాం?

ప్రశ్న (పాఠకురాలు, రాజమహేంద్రవరం)

డాఫ్నే డ్యు మోరియే 1938లో ప్రచురించిన ‘రెబెకా’ను ఇరవై ఏళ్ల తరువాత గత వారం మళ్లీ చదివాను. కథలోని రహస్యమంతా ఇక్కడ చర్చకు వస్తుంది కనుక, నవల చదవనివారు ముందు దానిని పూర్తి చేసి రావాలని మనవి.

మొదటిసారి చదివినప్పుడు, కథానాయకుడు మాక్సిమ్ మొదటి భార్య రెబెకా మరణంపై జరిగే విచారణలో పడవలు కట్టే మనిషి లేచి, పడవ అడుగున ఎవరో లోపలి నుంచి కన్నాలు పొడిచారని చెప్పే చోట నా గుండె దడదడలాడింది. మాక్సిమ్ దొరికిపోకూడదని మనసారా కోరుకున్నాను. ఈసారి అదే పుట దగ్గర ఆగిపోయాను. ఆయన ఆ భార్యను తుపాకితో కాల్చి, శవాన్ని పడవలో పెట్టి సముద్రంలో ముంచినవాడు. ఆ తరువాత ఎక్కడో ఒడ్డుకు కొట్టుకువచ్చిన వేరొక స్త్రీ శవాన్ని చూసి, ఇది నా భార్యదేనని చెప్పి, తన వంశంవారి సమాధుల మధ్య ఖననం చేయించినవాడు. ఆ స్త్రీ ఎవరో, ఆమె కోసం ఎవరు ఎదురుచూస్తున్నారో నవలలో ఎవరూ పట్టించుకోరు. రెబెకా దుర్మార్గురాలని మనకు చెప్పేది కూడా ముఖ్యంగా ఆయనే. ఇంత తెలిసిన తరువాత కూడా పాఠకులు హంతకుడి పక్షానే నిలబడేలా రచయిత్రి ఎలా చేయగలిగింది? ఇది నవలకు బలమా, లోపమా? మీ అభిప్రాయాలు తెలుసుకోవాలని ఉంది.

జవాబు (విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ)

అమ్మా, మీ ప్రశ్నకు సమాధానం మాక్సిమ్ పాత్రలో కంటే కథ చెబుతున్న అమ్మాయి పాత్రలో ఉందని నా అభిప్రాయం. చివరిదాకా ఆమెకు పేరు లేదు. డబ్బున్న ఒక ప్రౌఢస్త్రీకి జీతం మీద తోడుగా ఉంటూ మాంటీకార్లో హోటలుకు వచ్చిన ఆ పిల్ల, తన కంటే దాదాపు రెండింతల వయసున్న రెండో పెళ్లివాడిని చేసుకుని మాండర్లీ అనే మహాభవనంలో అడుగుపెడుతుంది. అక్కడ ఒక పింగాణీ బొమ్మ ఆమె చేతిలో పగులుతుంది. ఆ ఇంటి యజమానురాలై ఉండి కూడా, ఆ ముక్కలను బల్ల సొరుగులో వెనుకగా దాచిపెడుతుంది. తీరా ఆ నేరం ఒక నౌకరు మీద పడినప్పుడు, తలవంచుకుని ఒప్పుకోవలసి వస్తుంది. ఈ సంఘటనలో హత్య లేదు, రక్తం లేదు. అయినా నవల మొత్తంలో నన్ను ఎక్కువగా ఉక్కిరిబిక్కిరి చేసింది ఇదే. అత్తవారింట్లో మొదటి నెలల్లో గ్లాసు పగలగొట్టి బిక్కచచ్చిపోయిన కోడళ్లను చూసినవారికి ఇది వేరే విడమరచి చెప్పనక్కర లేదు.

ఇలా మూడు వందల పుటల పాటు ఆమె భయంలో మనల్ని నానబెట్టిన తరువాత, భర్త వచ్చి ‘నేనే చంపాను, ఆమెను నేను ఎన్నడూ ప్రేమించలేదు’ అన్న అర్థంలో చెబుతాడు. ఆమె చెవికి రెండో మాట మాత్రమే వినబడుతుంది. హత్య సంగతి ఆమెకు పట్టదు. అప్పటికే ఆమె కళ్లతో చూడడానికి అలవాటుపడిపోయిన మనకూ పట్టదు. దీనిని నేను లోపమనలేను.

జవాబు (న్యాయవాది, విజయవాడ)

రెబెకా చెడ్డదనడానికి మాక్సిమ్ మాట తప్ప వేరే సాక్ష్యం లేదన్నట్టుగా చర్చ సాగుతున్నది కనుక కొంచెం విభేదిస్తున్నాను. సముద్రపు ఒడ్డున తిరిగే బెన్ అనే అమాయకుడు ఉన్నాడు. తనను పిచ్చాసుపత్రికి పంపిస్తానని రెబెకా బెదిరించిందని అతడు భయపడుతూ చెబుతాడు; అబద్ధం కల్పించే తెలివి అతడికి లేదు. అంతకంటే గట్టి సాక్షి డాన్వర్స్. రెబెకాను దేవతలా కొలిచిన ఆ గృహనిర్వాహకురాలే, పదహారేళ్ల వయసులో తన దొరసాని ఒక పొగరుబోతు గుర్రాన్ని రక్తం కారేటట్టు కొట్టి లొంగదీసిన సంగతి పొంగిపోతూ చెబుతుంది. రెబెకా మగవాళ్లందరినీ చూసి నవ్వుకునేదని, ఎవరినీ ప్రేమించలేదని చెప్పేదీ డాన్వర్సే. పొగడ్తగా చెప్పిన మాటే సాక్ష్యంగా మారడం ఈ నవలలోని అసలైన నేర్పు.

నాకు నచ్చనిది చివరి మలుపు. రెబెకాకు నయంకాని క్యాన్సర్ ఉందని, ఆమెకు ఎన్నటికీ పిల్లలు పుట్టే అవకాశం లేదని లండన్ వైద్యుడు చెప్పగానే, పరాయివాడి బిడ్డ వారసుడవుతాడని చావుకు ముందు ఆమె తనతో అన్న రెచ్చగొట్టే మాట అబద్ధమని, తనను చంపించుకోవడానికే ఆమె అలా అన్నదని మాక్సిమ్ తేల్చుకుంటాడు. చచ్చిపోవాలనుకున్న మనిషిని చంపితే నేరభారం తగ్గుతుందన్న ఊరటను రచయిత్రి ఇక్కడ ఇస్తున్నట్టు అనిపిస్తుంది. తుపాకి పేల్చినప్పుడు ఆయనకు ఆ రోగం సంగతి తెలియదు కదా!

జవాబు (పాఠకుడు, హైదరాబాదు)

1940లో హిచ్‌కాక్ తీసిన సినిమాలో ఈ హత్యే లేదు. హంతకుడు శిక్ష పడకుండా తప్పించుకున్నట్టు చూపడానికి అప్పటి అమెరికా సినిమా నియమావళి ఒప్పుకోదు కాబట్టి, రెబెకా కాలు తట్టుకుని పడి తలకు దెబ్బ తగిలి చనిపోయినట్టు మార్చారు. నేను ముందు సినిమా చూసి తరువాత నవల చదివాను. సినిమాలో మాక్సిమ్ మీద జాలి కలిగింది. నవలలో ఆయనను కాపాడాలనుకుంటున్నందుకు నా మీద నాకే అనుమానం కలిగింది. రాజమహేంద్రవరం పాఠకురాలు అడిగిన ఇబ్బంది సినిమాలో పుట్టదు. ఆ ఇబ్బంది కోసమే నవల చదవాలంటాను.

జవాబు (ప్రశ్న అడిగిన పాఠకురాలు)

అందరికీ కృతజ్ఞతలు. న్యాయవాదిగారు చెప్పిన గుర్రం ప్రస్తావన చూసి ఆ పుటను మళ్లీ తీశాను. మీరన్నది నిజమే, దానిని నేను కేవలం డాన్వర్స్ ఉన్మాదంగా చదివి వదిలేశాను. అయితే సాక్షులను పిలిచినప్పుడు మాక్సిమ్ ముసలి నాయనమ్మను కూడా పిలవాలి కదా. చూపు తగ్గి, మతి తప్పుతున్న ఆవిడ, ఎదురుగా కూర్చున్న కొత్త కోడలిని పట్టించుకోకుండా, నా రెబెకా ఏదీ, రెబెకాను ఏం చేశారు అని పట్టుబట్టి అడుగుతుంది. ఆవిడ కూడా అబద్ధం కల్పించే స్థితిలో లేదు.

మా అమ్మమ్మ మా తాతగారికి రెండో భార్య. మంగళసూత్రంతో పాటు, చనిపోయిన మొదటి భార్య గుర్తుగా ఒక చిన్న బంగారు బిళ్ల ఆవిడ మెడలో ఎప్పుడూ ఉండేది. పండుగనాడు ముందుగా ఆ బిళ్లకు పసుపు కుంకుమ పెట్టి, ఆ తరువాతే తాను కొత్త చీర కట్టుకునేది. ఆ మొదటి ఆవిడ ఎలాంటి మనిషో అమ్మమ్మకు తాతగారి మాటల ద్వారా తప్ప తెలియదు. ఈసారి నవల చదువుతున్నంతసేపూ నాకు ఆ బిళ్లే కళ్ల ముందు మెదిలింది.