స్ప్లిట్ విండో కార్వెట్: మధ్య పట్టీ కోసేసి మళ్లీ పెట్టిన కారుకి పూర్తి ధర ఇవ్వాలా?

డల్లాస్ డ్రైవర్:
1963 కార్వెట్ స్టింగ్ రే కూపే ఒకటి చూశాను, అదే, వెనక అద్దాన్ని మధ్యలో ఒక పట్టీ రెండుగా చీల్చే షెవ్రొలే స్పోర్ట్స్ కారు. ఎర్ర రంగు, 327 ఇంజన్, నాలుగు గేర్ల మాన్యువల్, రీస్టోరేషన్ చూస్తే కళ్లు చెదిరిపోతాయి. ఓనర్లు నలుగురు మారారు, పేపర్లన్నీ ఒక ఫైల్లో పెట్టి చూపించాడు అమ్మే ఆయన. ఆ ఫైల్లోనే రెండో ఓనర్ దగ్గరున్నప్పటి ఫోటో ఒకటి ఉంది, అందులో వెనక అద్దం ఒకటే ముక్క! అంటే అప్పట్లో ఎవరో మధ్య పట్టీ కోసేశారు, రీస్టోర్ చేసినప్పుడు మళ్లీ పెట్టారు. అడిగితే "ఇప్పుడు ఉంది కదా" అంటున్నాడు. ధర మాత్రం ఎవరూ కోయని కారుకి చెప్పే ధరే. కారు తెగ నచ్చింది కానీ అంత డబ్బు పెట్టడానికి మనసొప్పట్లేదు. మీరేమంటారు?

గ్యారేజీ బాబాయ్:
వదిలెయ్ తమ్ముడూ. ఆ కారుకి అంత రేటు పలికేదే ఆ పట్టీ వల్ల. ఒక్క ఏడాదే వచ్చింది, 10,594 కూపేలు తయారయ్యాయి, 1964కల్లా ఒకటే అద్దం. పట్టీ ఫ్యాక్టరీది కాకపోతే నువ్వు దేనికి డబ్బిస్తున్నట్టు?

మిస్సోరి మావయ్య:
బాబాయ్, మరీ అంత తేల్చేయకండి. ఆ పట్టీ మీద గొడవ కారు ఫ్యాక్టరీ గేటు దాటకముందే మొదలైంది. డిజైన్ హెడ్ బిల్ మిచెల్‌కి అదంటే ప్రాణం, ఇంజనీర్ జోరా అర్కస్-డంటోవ్‌కి అది కంట్లో నలుసు, ఎందుకంటే వెనక ఏమొస్తోందో చూద్దామంటే సరిగ్గా ఆ పట్టీ అడ్డమొస్తుంది. మొదటి ఏడాది మిచెల్ మాట నెగ్గింది, రెండో ఏడాది పట్టీ ఎగిరిపోయింది. తర్వాత 63 మోడల్ ఓనర్లలోనే కొందరు, కారు కొత్త మోడల్‌లా కనిపించాలని, వెనక సరిగ్గా కనబడాలని, పట్టీ కోయించి 64 మోడల్ అద్దం బిగించుకున్నారు. $4,257 బేస్ ధరకి అమ్మిన బండి ఒకరోజు లక్ష డాలర్లు దాటుతుందని వాళ్లకేం తెలుసు? ఆ రెండో ఓనర్ని తిట్టాల్సిన పని లేదు. నా గొడవంతా ఇప్పుడు అమ్మేవాడితోనే, ఫోటో బయటపడేదాకా నోరు మెదపలేదుగా.

గ్యారేజీ బాబాయ్:
ఫోటో ఫైల్లో పెట్టింది ఆయనే కదా మరి? దాచేవాడైతే చింపేసేవాడు.

ఫైబర్ పిచ్చోడు:
వాదన తర్వాత, ముందు చెయ్యి పెట్టి చూడండి. ఈ కారు బాడీ రేకు కాదు, ఫైబర్‌గ్లాస్. సెయింట్ లూయిస్ ఫ్యాక్టరీకి వచ్చిన ప్యానెళ్లు ప్రెస్‌లో అచ్చు పోసినవి, అందుకే లోపలి వైపు కూడా నున్నగా ఉంటాయి. తర్వాత చేత్తో పరిచి చేసిన ముక్క అయితే లోపల గరుగ్గా, గుడ్డ నేత కనిపించేలా ఉంటుంది. వెనక కార్పెట్, లోపలి ట్రిమ్ తీయించి కింది నుంచి లైటు వేస్తే పట్టీ ఒక్కటే మార్చారా, పైకప్పు వెనక భాగం మొత్తం మార్చారా తెలిసిపోతుంది. పని ఎంత బాగా చేసినా లోపల అతుకు దాచడం కష్టం.

నంబర్ల పిచ్చి:
అందరూ అద్దం దగ్గరే ఆగిపోయారు. ఇంజన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిందేనా చూశావా బ్రదర్? ముందు నుంచి ప్యాసింజర్ వైపు సిలిండర్ హెడ్ ముందున్న చదును మీద కారు సీరియల్ నంబరూ, ఇంజన్ కోడూ కొట్టి ఉంటాయి. 300 హార్స్‌పవర్ మాన్యువల్ అయితే ఆర్‌డీ, ఫ్యూయల్ ఇంజెక్షన్ 360 అయితే ఆర్‌ఎఫ్. రీబిల్డ్‌లో బ్లాక్ పైభాగం మిషన్ మీద అరగదీస్తే ఆ నంబర్ పోతుంది, చాలామంది మళ్లీ కొట్టిస్తారు. కొందరైతే వేరే కారు బ్లాక్ తెచ్చి కొట్టిస్తారు, అది పచ్చి మోసం. కనిపెట్టడానికి ఆ చదును మీద ఫ్యాక్టరీ మిషన్ కోత గీతలు ఉన్నాయా చూడాలి, బ్లాక్ పోతపోసిన తేదీ కారు తయారైన తేదీకంటే ముందుదా కాదా చూడాలి. ఇక్కడ ఇంకో తలనొప్పి, కారు ఫ్యాక్టరీలో ఎలా తయారైందో రికార్డుల నుంచి చెప్పడానికి పాంటియాక్‌కి పీహెచ్‌ఎస్, 1967 నుంచి ఫోర్డ్‌లకి మార్టీ రిపోర్ట్ ఉన్నాయి, అమెరికాలో అమ్మిన 63 కార్వెట్‌కి అలా తేల్చిచెప్పే రికార్డు దొరకదు. కార్వెట్ రీస్టోర్ చేసేవాళ్ల సంఘం ఎన్‌సీఆర్‌ఎస్ ఇచ్చే అవార్డు ఫైల్లో ఉన్నా మురిసిపోకు, ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు ఎంత దగ్గరగా ఉందో చూసి ఇస్తారు గానీ పుట్టినప్పటి ఇంజనేనని హామీ ఇవ్వరు.

డల్లాస్ డ్రైవర్:
అద్దం గురించి అడిగితే ఇంజన్ దాకా తెచ్చారు, ఇప్పుడు టెన్షన్ డబులైంది. సరే, పేపర్లలో నలుగురి పేర్లూ వరసగా ఉన్నాయి, టైటిల్ (యాజమాన్య పత్రం) క్లీన్. అది చాలదా?

నంబర్ల పిచ్చి:
టైటిల్ క్లీనైనా విన్ ప్లేట్, అంటే కారు గుర్తింపు నంబరున్న రేకు, దాని సంగతి చూసుకోవాలి. కాన్సస్‌లో ఒకాయన $50,000 పెట్టి 1959 కార్వెట్ కొన్నాడు. రీస్టోరేషన్‌లో విన్ ప్లేట్ ఊడదీసి మళ్లీ బిగించారు, అంతే, 2017లో పోలీసులు కారు పట్టుకెళ్లారు. ఆయన తప్పు లేదని తెలిసినా అప్పటి చట్టం ప్రకారం ఆ కారు ధ్వంసం చేయాల్సిందే. చివరికి 2022లో చట్టమే మార్చారు. 63లో ఆ ప్లేట్ గ్లవ్ బాక్స్ కింది అడ్డపట్టీ మీద ఉంటుంది, తల వంచి చూడు.

గ్యారేజీ బాబాయ్:
ఇన్ని అనుమానాలు పెట్టుకుని కొనే బదులు 64 కూపే కొనుక్కో, పుట్టుకతోనే ఒకటే అద్దం, గొడవే లేదు.

మిస్సోరి మావయ్య:
64 కావాలంటే ఇన్ని రోజులు 63 కోసం ఎందుకు వెతుకుతాడు బాబాయ్? నా మాట ఇదీ తమ్ముడూ. కోసి అతికించిన కారు కొనొచ్చు, నడపడానికి కొనేవాడికి అదే నయం కూడా, వానలో తీసినా గుండె ఆగదు. కాకపోతే ఆ సంగతి బిల్ ఆఫ్ సేల్ (అమ్మకం పత్రం) మీద రాయించి, ధర దానికి తగ్గట్టు అడుగు. రేపు నువ్వు అమ్మేటప్పుడు కూడా ఆ ఫోటో ఫైల్లోనే ఉండాలి.

డల్లాస్ డ్రైవర్:
శనివారం మళ్లీ వెళ్తున్నా. వెనక కార్పెట్ ఎత్తి చూస్తానంటే ఆలోచించి చెప్తానన్నాడు.

ఫైబర్ పిచ్చోడు:
ఎత్తనివ్వకపోతే ఆ రేటుకి అక్కడే ఆపెయ్.