సమస్య: తెలుగువాడు గాడు తెలుగువాడు

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది పద్యానికి నాలుగో పాదం, ముందు మూడు పాదాలూ మీరు రాసి పూరించాలి. షరతు ఒక్కటే, పూరణలో 'జెంటూ' రావాలి. అన్యమతస్థుడనే అర్థమున్న పోర్చుగీసు మాట నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ దొరలు తెలుగువాళ్లనీ తెలుగునీ ఇలాగే పిలిచేవారు. తమిళులేమో వాళ్లకు 'మలబారులు'. పద్యంలో 'జెంటు' అని కుదించుకోవచ్చు.

గోదారిగట్టు:
కోటలోని దొరలు కూర్చుండి రాయగా
జెంటటంచు పేరు చేర్చినారు
పాత పుటలలోన భాష పేరే లేదు
తెలుగువాడు గాడు తెలుగువాడు

నిర్వాహకుడు: ధార బాగుంది. 'జెంటటంచు' అని సంధి సరిగ్గా చేశారు. చాలామంది 'జెంటు యంచు' అని యడాగమం (మధ్యలో 'య' చేర్చడం) పెట్టేస్తారు, ఉకారం మీద అది చెల్లదు. మూడో పాదం మాత్రం చరిత్రకు నిలవదు. 1816లో మద్రాసులో అచ్చయిన క్యాంబెల్ తెలుగు వ్యాకరణం పేరులో 'తెలుగు', 'జెంటూ' రెండూ ఉన్నాయి. తెలుగు సంస్కృతంలోంచి పుట్టలేదని కంపెనీ అధికారి ఎల్లిస్ వాదించింది ఆ పుస్తకంలోనే! దాన్ని పక్కనపెట్టి 'పేరే లేదు' అంటే నాకు మనసొప్పడం లేదు. 'భాష పేరే మారె' అంటే గణాలు చెడవు, మాటా నిలబడుతుంది.

గోదారిగట్టు: 'మారె' తీసుకుంటానండీ. కానీ మరుసటి ఏడే, 1817లో, విలియం బ్రౌన్ వ్యాకరణం ఉత్త 'జెంటూ భాష' పేరుతోనే వచ్చింది కదా. నా బాధ దాని గురించే. సి.పి. బ్రౌన్ వేరు, ఈయన వేరు.

కృష్ణాతీరం:
వంగదేశమందు వాడిరీ మాటనే
హిందువులకు నెల్ల నిదియె పేరు
చట్టపుస్తకాన చదివినన్ జెంటును
తెలుగువాడు గాడు తెలుగువాడు

పాలమూరు మిత్రుడు: భలే విషయం పట్టారు. కంపెనీ ఉద్యోగి హాల్‌హెడ్ 'జెంటూ చట్టాలు' 1776 నాటివి. గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ కలకత్తాలో పండితుల చేత సంస్కృతంలో కూర్పించి, పారసీలోకి మార్పించాడు. హాల్‌హెడ్ దాన్ని ఇంగ్లీషు చేశాడు. అక్కడ జెంటూ అంటే హిందువు, మన తెలుగువాడు కాదు. అయితే మూడో పాదం నుంచి నాలుగోదానికి అన్వయం తెగింది. ఏ తెలుగువాడు, ఎందుకు కాడు? ఇలా చూడండి:
జెంటు పేరు జూచి చెంతవాడనుకొన్న
తెలుగువాడు గాడు తెలుగువాడు

కృష్ణాతీరం: 'అనుకొన్న'తో ముడి విడిపోయింది. ధన్యవాదాలండీ.

కొత్త సభ్యురాలు:
జెంటు పేరు నేడు చిన్ని పక్షికి దక్కె
దక్షిణాన మంచు తావులందు
పేరు చూడ మనది, పెంగ్విను జాతది
తెలుగువాడు గాడు తెలుగువాడు

నిర్వాహకుడు: యతులు, గణాలు అన్నీ సరిపోయాయమ్మా. ఇవాళ ఇంగ్లీషులో జెంటూ అంటే ఎక్కువమందికి తట్టేది అంటార్కిటికా వైపు ఉండే ఆ పెంగ్వినే. చిక్కల్లా 'వాడు' దగ్గరే, పక్షికి అది పొసగదు. రేపటిదాకా గడువుంది, మూడో పాదం ఒకసారి తిరగరాసి పంపండి.