ఫంక్ లైవ్ క్యాసెట్లు, డెమోలు: షేర్ చేసే ముందు ఎవరేం చేస్తున్నారు?

టేపుల_పెట్టె:
70ల ఫంక్ (అమెరికా నల్లజాతివాళ్ల బీటు సంగీతం) షోల ఆడియన్స్ టేపులు, అంటే ప్రేక్షకులు రికార్డు చేసుకున్నవి, ఈ మధ్య బాగానే తిరుగుతున్నాయి. కానీ కొన్ని స్పీడు తప్పినవి, కొన్ని ఎంపీ3ని (శబ్దం కొంత కోసేసే ఫైలు) ఫ్లాక్‌గా (ఏమీ పోగొట్టని ఫైలు) మార్చి పెట్టినవి. క్యాసెట్ నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్లు మీ పద్ధతులు ఇక్కడ రాయండి.

స్లాప్_శీను:
ముందు డెక్ (క్యాసెట్ ప్లేయర్) సంగతి. హెడ్డు, క్యాప్‌స్టన్ (టేపుని లాగే కడ్డీ) ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. తర్వాత అజిముత్, అంటే టేపుకి హెడ్డు ఉన్న కోణం. సౌండు మోనోలో (రెండు చానెళ్లూ కలిపి) పెట్టి హై-హ్యాట్ వినండి. హెడ్డు పక్కనున్న స్క్రూ కాస్త కాస్త తిప్పుతుంటే ఒకచోట హై-హ్యాట్ తేటగా విచ్చుకుంటుంది, అక్కడ ఆపాలి. సెట్టింగు ఆ ఒక్క టేపుకే. రెండో వైపుకి మళ్లీ చూసుకోవాలి.

ల్యాప్‌టాప్ మైక్ సాకెట్‌లో గుచ్చొద్దు. అది చాలావరకు మోనో, పైగా ఆటో గెయిన్ ఉంటే బేస్ దెబ్బ పడినప్పుడల్లా మిగతాదంతా కుంగిపోతుంది. లైన్-ఇన్ ఉన్న యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ వాడండి. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్, పీక్ మైనస్ 6 డీబీ దాటకుండా.

వైజాగ్_వావ్:
శీను అన్నా, డాల్బీ (టేపు బుస తగ్గించే పద్ధతి) సంగతి?

స్లాప్_శీను:
డాల్బీ బీతో రికార్డు చేశారని లేబుల్ మీద ఉంటేనే ఆన్ చెయ్యి. లేనిదానికి ఆన్ చేస్తే పైశబ్దాలు చచ్చిపోతాయి. అనుమానంగా ఉంటే ఆఫ్‌లోనే ఎక్కించి, ఆ మాట ఇన్ఫో ఫైల్లో (రికార్డింగు వివరాలు రాసి జతచేసే ఫైలు) రాసెయ్. మీ సముద్రం పక్క ఊళ్లలో టేపు అంచున తెల్లగా బూజు కనిపిస్తే మాత్రం డెక్‌లో పెట్టకు, హెడ్డుకి అంటుకుని తర్వాతి క్యాసెట్లకీ పాకుతుంది.

హమ్_హంటర్:
స్పీడు గురించి. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్. స్టేజి మీద యాంప్ల గుయ్ శబ్దం (హమ్) చాలా టేపుల్లో పడి ఉంటుంది, అదే మన కొలబద్ద. ఆడాసిటీలో (ఆడియో సాఫ్ట్‌వేర్) స్పెక్ట్రమ్ సైజు 65536 పెట్టి, 60 దగ్గర కాకుండా దాని నాలుగో రెట్టు 240 దగ్గర చూడండి, తేడా స్పష్టంగా తెలుస్తుంది. అక్కడ 246 ఉంటే టేపు 2.5 శాతం వేగంగా తిరిగినట్టు. అలాగని 2.5 తగ్గించకూడదు. 240ని 246తో భాగిస్తే 0.9756, కాబట్టి తగ్గించాల్సింది 2.44 శాతం.

రెండు చోట్ల బోల్తా పడతారు. బేస్ గిటార్ బీ స్వరం 61.7 హెర్ట్జ్, దాన్నే హమ్ అనుకుంటారు. అందుకే పాటకీ పాటకీ మధ్య ఖాళీలో కొలవాలి. రెండోది, కచ్చితంగా 50 దగ్గర కదలకుండా గీత కనిపిస్తే అది షోది కాదు, మన ఇంటి కరెంటు. ఎర్తింగ్ చూసుకోండి. పారిస్ ఒలింపియా హాలు లాంటి యూరప్ షోలకైతే అసలు కొలతే 50, అక్కడ ఈ రెండూ కలిసిపోతాయి.

టేపుల_పెట్టె:
ఇది పిన్ చేయాల్సిన పోస్టు.

క్రేట్_డిగ్గర్_కడప:
ఎంపీ3 అని తేల్చే ముందు కాస్త ఆగండి. స్పెక్ట్రోగ్రామ్‌లో (ఏ పౌనఃపున్యంలో ఎంత శబ్దం ఉందో చూపే బొమ్మ) 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఉంటే 128 కేబీపీఎస్ ఎంపీ3 అని అనుమానించొచ్చు. ఎఫ్ఎం ప్రసారం కూడా 15 దగ్గర ఆగిపోతుంది, 19 దగ్గర పైలట్ టోన్ (స్టీరియో ప్రసారానికి గుర్తుగా పంపే శబ్దం) సన్నగా కనబడొచ్చు. క్యాసెట్ అయితే పైశబ్దాలు ఒక్కసారి తెగకుండా మెల్లగా జారతాయి. రేడియో టేపుని దొంగదని రిపోర్టు కొట్టడం పాపం.

తేదీలు కూడా. లేబుల్ మీద 10/4/68 అని ఉంటే మనం ఏప్రిల్ 10 అని చదువుతాం, అమెరికావాళ్లకది అక్టోబర్ 4. ఆ రోజూ మర్నాడూ న్యూయార్క్ ఫిల్మోర్ ఈస్ట్ హాల్లో స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్ బ్యాండు వాయించింది. ఆ షోలు 2015లో అధికారికంగా వచ్చేశాయి, ఇక షేరింగ్‌కి పనికిరావు. 1971లో మెడోబ్రూక్ వేదికపై ఫంకడెలిక్ బ్యాండు ఇచ్చిన షో కూడా 1996లోనే వచ్చింది. ఎక్కించే ముందు డిస్కోగ్రఫీ చూడటం కనీస మర్యాద.

వైజాగ్_వావ్:
డెమోలని (ఆల్బమ్‌కి ముందు చేసిన నమూనా రికార్డింగులు) వస్తున్నవి ఎలా నమ్మాలి?

క్రేట్_డిగ్గర్_కడప:
సగం నమ్మొద్దు. ఇప్పుడు గొంతు తీసేసే సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆల్బమ్ పాటనే ఇన్‌స్ట్రుమెంటల్ డెమో అని అంటగడుతున్నారు. గొంతు ఉండాల్సిన చోట డ్రమ్స్ సింబల్స్ (ఇత్తడి పళ్లాలు) నీళ్లలో మోగినట్టు వినిపిస్తాయి. ఆల్బమ్ పాట పక్కన పెట్టి శాంపిల్‌కి శాంపిల్ సరిచేసి ఒకదాన్ని ఇన్వర్ట్ (తరంగాన్ని తలకిందులు) చేసి కలపండి. డ్రమ్స్ చాలావరకు మాయమైతే రెండూ ఒకటే మిక్స్. వేరే టేక్ (మళ్లీ వాయించిన రికార్డింగు) అయితే ఏదీ పోదు.

హమ్_హంటర్:
అయితే వేరే ట్రాన్స్‌ఫర్ (అదే పాటని ఇంకోసారి టేపు నుంచి ఎక్కించింది) అయినా పోదు గురూ, స్పీడులో వెంట్రుకంత తేడా చాలు. పోలేదని అసలు డెమో అనేసుకోకండి.

స్లాప్_శీను:
ఫైల్స్ విషయం: ట్యాగులు మార్చితే ఎండీ5 (మొత్తం ఫైలుకి గుర్తు సంఖ్య) మారిపోతుంది, ఎఫ్ఎఫ్‌పీ (ఫ్లాక్ ఫింగర్‌ప్రింట్) మారదు, అది ఆడియోని మాత్రమే చూస్తుంది. కాబట్టి ఎండీ5 కలవలేదని గొడవపడే ముందు ఎఫ్ఎఫ్‌పీ చూడండి. ఇన్ఫో ఫైల్లో డెక్, డాల్బీ, ఇంటర్‌ఫేస్, టేపు ఎన్నో జనరేషనో (అసలు నుంచి ఎన్నో కాపీనో), స్పీడు ఎంత మార్చారో ఉండాలి. జనరేషన్ తెలియకపోతే తెలియదనే రాయండి. నాయిస్ రిడక్షన్ అసలొద్దు, జనం కేకలతో పాటు గిటార్ చిక్ చిక్ కూడా పోతుంది.

వైజాగ్_వావ్:
సీ90 (90 నిమిషాల క్యాసెట్) ఒకటి 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో WAV ఫైలుగా 3 జీబీ దాటుతోంది. 16 బిట్‌కి దించి పెట్టనా?

స్లాప్_శీను:
స్పీడు దిద్దకముందుది ఫ్లాక్ చేసి నీ దగ్గర దాచు. దిద్దింది 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్‌లో గ్రూపుకి పెట్టు. ఎవరైనా కొలత తప్పని తేలిస్తే మళ్లీ మొదటిదాని నుంచే చెయ్యాలి.