ఉద్దానం ఇసుక పెరడు: శివరాత్రి లోపు చేసుకోవాల్సిన పనులు

కవిటి పెరడు
జీడి పూత మీదుంది, ఎండ ముదురుతోంది. మా పెరడంతా ఇసుకే. పొద్దున బకెట్ నీళ్లు పోసినా మధ్యాహ్నానికి బెండ మొక్క వాలిపోతాది. ఇంకా ఎక్కువ పోయాలా? ఏటి చెయ్యమంటారు?

సోంపేట సరుగుడు
ఎక్కువ పోస్తే లాభం లేదు తమ్ముడూ. ఇసుకలో నీరు పక్కకు పెద్దగా పాకదు, నిలువునా దిగిపోతాది. అదే బకెట్‌ని పొద్దున సగం, సాయంత్రం సగం చెయ్యి. డ్రిప్ ఉంటే మొక్కకు ఒక్క డ్రిప్పర్ చాలదు, జానెడు ఎడంగా రెండు పెట్టు.

అసలు పని పాదులో ఉంది. అడుగున్నర లోతు, అంతే వెడల్పు గొయ్యి తియ్యి. అడుగున కొబ్బరి డొక్కలు (కాయ మీది పీచు తొక్కలు) రెండు వరసలు, గుంట వైపు పైకి ఉండేలా పేర్చు. నీరు అందులో ఆగుతాది. పైన రెండు పాళ్లు ఇసుక, ఒక పాలు చెరువు మట్టి, ఒక పాలు మాగిన గెత్తం, అంటే పశువుల ఎరువు. పచ్చి గెత్తం మాత్రం వద్దు. వేరుపురుగు, చెదలు రెండూ వస్తాయి. పెంట కుప్పలో కొమ్ముపురుగు పెరిగి కొబ్బరి మొవ్వు తొలిచేస్తాది.

నేలపైన కప్పేటప్పుడు డొక్కలు బోర్లించాలి. ఎండుటాకు కప్పితే కాండానికి బెత్తెడు దూరం వదులు.

బారువ తీరం
డొక్కల బదులు పీచుపొట్టు వేసేవాళ్లకో మాట. మిల్లు నుంచి తెచ్చినదాన్ని అలాగే వెయ్యకండి, ఉప్పుంటుంది. నానబెట్టి, పిండి, నీళ్లు మార్చి కనీసం మూడుసార్లు కడగాలి. ఆకు అంచులు మాడితే అందరూ ఎండదెబ్బ అంటారు, చాలాసార్లు అది ఉప్పుదెబ్బ.

బావి నీళ్లదీ అదే గొడవ. తీరంలో మంచినీరు ఉప్పునీటి మీద పలచటి పొరగా తేలుతుంది. మోటారు ఆపకుండా తోడితే కింది ఉప్పునీరు పైకి లేస్తుంది. కాసేపు తోడి, ఆపి, ఊరనిచ్చి మళ్లీ తోడండి.

భోగాపురం డాబా
ఎడారి ప్రాంతాల్లో వాడే కుండ పద్ధతి మన ఇసుకకూ బాగా పనికొస్తుంది. ఐదు లీటర్ల మట్టికుండని మెడ దాకా పాతి, నీళ్లు నింపి మూత పెట్టాలి. మూత లేకపోతే దోమలు. చుట్టూ జానెడు లోపలే ఆనప, దోస గింజలు వెయ్యండి, అంతకంటే దూరమైతే తడి అందదు. కొనేటప్పుడు నీళ్లు పోసి రాత్రంతా ఉంచండి. తెల్లారి బయట చెమ్మ లేకపోతే ఆ కుండ దండగ. నున్నగా మెరుపు పూసినవి అసలే ఊరవు. కొన్నాళ్లకు ఉప్పు పేరుకుని రంధ్రాలు మూసుకుంటాయి, పీచుతో రుద్ది కడగాలి.

కవిటి పెరడు
కుండ చవకే, చూస్తాను. మరి యూరియా ఎంత?

సోంపేట సరుగుడు
మొక్కకు చెంచాడు, పదిహేను రోజులకోసారి, తడి నేల మీద. గుప్పెడు వేస్తే నీటితో పాటు బావిలోకే పోతాది, ఆ నీళ్లే మనం తాగేది. బొబ్బర్లకైతే అసలు అక్కర్లేదు. 2018 తిత్లీ తుఫానుకి చెట్లు పోయిన పెరళ్లలో పడమటెండ నేరుగా తగుల్తాది, ఆ వైపు కొబ్బరాకు దడి కట్టండి.

బారువ తీరం
తీరం వైపు ఇసుక దిబ్బ మీదున్న రావణాసురుడి మీసాల గడ్డి పీకకండి, గాలికి ఇసుక మీ పాదుల్లోకి రాకుండా ఆపేది అదే. ఇది తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం కూడా. సముద్రం వైపు తెల్ల లైట్లు రాత్రి ఆపెయ్యండి. తాబేలు పిల్లలు సముద్రమనుకుని వెలుగు వైపే నడుస్తాయి.

కవిటి పెరడు
మా గోడ లైటు అటే ఉంది, తిప్పేస్తాను. బెండ విత్తనం రాత్రి నానబెట్టాలా?

సోంపేట సరుగుడు
నానబెట్టు. అంగుళం లోతు, గోతికి రెండు గింజలు.