పెద్దబాబుకి హర్లర్, నాకు మళ్ళీ మూడో నెల: కార్డ్ బ్లడ్ దాచమంటున్నారు, ఏం చేయాలి?

రాజమండ్రి అమ్మ

అందరికీ నమస్తే. మా బాబుకి 13 నెలలు. కూర్చోబెడితే నడుము పైన వెన్నెముక ముడిలా పొడుచుకొస్తోందని ఎముకల డాక్టరుకి చూపించాం. ఆయన వాడి పొట్ట, చేతివేళ్ళు చూసి జెనెటిక్స్ వాళ్ళ దగ్గరికి పంపారు. ఎంజైమ్ పరీక్షలో హర్లర్ అని తేలింది, ఒంట్లో ఒక ఎంజైమ్ తయారవని పుట్టుజబ్బు. ఎంపీఎస్ 1లో తీవ్రమైన రకమట. మాది మేనరికం. మేనమామ కొడుకునే చేసుకున్నాను. ఇంట్లో పెద్దవాళ్ళకి ఈ మాట ఇంకా మింగుడుపడట్లేదు.

స్కానింగ్‌కి వెళ్ళినచోట కార్డ్ బ్లడ్ బ్యాంకు అబ్బాయి ఒకతను కలిశాడు. పుట్టబోయే బిడ్డ బొడ్డుతాడు రక్తం దాచుకుంటే ఇద్దరు పిల్లలకీ జీవితాంతం భరోసా అన్నాడు. వాయిదాల్లో కట్టొచ్చట, మా వారు కట్టేద్దామంటున్నారు. ఆ రక్తంతో పెద్దబాబు నిజంగా బాగవుతాడా? బ్రెయిన్ కూడా? చేయించినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

కూకట్‌పల్లి డాడీ

మా పాప పుట్టినప్పుడు మేమూ దాచాం సిస్టర్. రేపు పాపకే ఏదైనా వస్తే దాని రక్తం దానికి పనికొస్తుంది కదా. ఆలోచించకుండా కట్టేయండి.

తెనాలి టు డర్హమ్

చెల్లీ, మా వాడికీ హర్లరే. ఇక్కడ అమెరికాలో, నార్త్ కరోలినాలోని డ్యూక్ యూనివర్సిటీ ఆసుపత్రిలో కార్డ్ బ్లడ్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించాం. ఇప్పుడు మిడిల్ స్కూల్లో ఉన్నాడు. లెక్కలు బాగా చేస్తాడు, చేతిరాత మాత్రం కోడి కెలికినట్టుంటుంది.

పైన అన్నయ్యగారు చెప్పింది మన ఇళ్ళకి వర్తించదు. ఇలాంటి జబ్బులో లోపం పుట్టుకతోనే ప్రతి కణంలోనూ ఉంటుంది. బిడ్డ సొంత రక్తం ఎంత జాగ్రత్తగా దాచినా అదే లోపం ఆ సంచిలోనూ ఉంటుంది. కావలసింది వేరేవాళ్ళ రక్తం. మా వాడికి దొరికింది ముక్కూ మొహం తెలియని ఒక తల్లి కానుపు రోజున పబ్లిక్ బ్యాంకుకి ఊరికే ఇచ్చేసిన రక్తం.

బ్రెయిన్ సంగతి అడిగావు కదా. హర్లర్ పిల్లల ఒంట్లో ఆల్ఫా-ఎల్-ఇడ్యురోనిడేజ్ అనే ఎంజైమ్ తయారవదు. వారం వారం సెలైన్‌లో ఎక్కించే లారోనిడేజ్ మందు ఉంది కానీ, అది రక్తంలోంచి మెదడులోకి దాటలేదు. ట్రాన్స్‌ప్లాంట్ దాకా గుండెని, ఊపిరితిత్తుల్ని కాస్త నిలబెట్టడానికి ఇస్తారు. దాత కణాలైతే ముందు ఎముక మజ్జలో కుదురుకుంటాయి, తర్వాత కొన్ని మెదడులోకి వెళ్ళి అక్కడే ఉండిపోయి ఎంజైమ్ ఇస్తాయి. దీనికి నెలలు పడుతుంది. ఆలోపు పోయిన తెలివితేటలు తిరిగి రావు. అందుకే రెండేళ్ళలోపు అని డాక్టర్లు తొందరపెడతారు. డ్యూక్‌లో జోయాన్ కర్ట్జ్‌బర్గ్ గారి బృందం 2004లో 20 మంది హర్లర్ పిల్లల ఫలితాలు ప్రచురించింది, అందరికీ బయటి దాతల కార్డ్ బ్లడ్డే. 17 మంది బతికారు. మిగతా ముగ్గురి సంగతి కూడా గుర్తుపెట్టుకునే సంతకం పెట్టాలి.

కష్టమంతా ముందు వారం, పాత మజ్జని ఖాళీ చేసే కీమోలో ఉంటుంది. ట్రాన్స్‌ప్లాంట్ రోజు చూడటానికి ఏమీ ఉండదు. గడ్డకట్టించిన చిన్న సంచిని కరిగించి తెచ్చారు, అరచేతిలో పట్టేస్తుంది. లైన్‌లోంచి కాసేపట్లో ఎక్కిపోయింది. రక్తం దాచేటప్పుడు కలిపే రసాయనం ఊపిరిలోంచి బయటికొస్తుంది, గదంతా డబ్బా మొక్కజొన్న వాసన. మా అత్తగారు లోపలికొస్తూనే "ఇక్కడ ఎవరు తింటున్నారు?" అని అడిగారు. తెల్లకణాలు లేవడానికి వారాలు పట్టింది. బొడ్డు రక్తంతో మజ్జ కంటే ఆలస్యమే. ఆ రోజుల్లో జ్వరం కొలిచే నర్సు తలుపు తీస్తే చాలు, నా గుండె దడదడలాడేది.

ఎముకల మీద మాత్రం ఆశ పెట్టుకోకు. ఎంజైమ్ అక్కడికి సరిగా అందదు. మా వాడికి తుంటికి ఆపరేషన్, మణికట్టు నరానికి ఆపరేషన్ అయ్యాయి, వెన్నుకి కూడా తప్పదంటున్నారు. కంటి పొర కొంచెం మసకగానే ఉంది.

విజయవాడ నాన్న

మా పాపది క్రాబే, అదీ ఎంజైమ్ లోపమే, మెదడునీ నరాలనీ తినేస్తుంది. నెలల పిల్లగా ఉన్నప్పుడు ఆపకుండా ఏడుస్తుంటే కడుపునొప్పి అన్నారు, పేరు తెలిసేసరికి ఒళ్ళంతా బిగుసుకుపోయింది. 2005లో అమెరికాలో వచ్చిన ఫలితాలు డాక్టరుగారే చెప్పారు: లక్షణాలు రాకముందే కార్డ్ బ్లడ్ ఎక్కించిన 11 మందీ బతికారు, వచ్చాక ఎక్కించిన 14 మందిలో 6గురే. ఆ బతికినవాళ్ళలోనూ పెద్ద మార్పు లేదట. మా పాపకి చేయం అని డాక్టర్లే అన్నారు, చేయలేదు. పాప లేదు ఇప్పుడు. మీకు టైముంది తల్లీ, పరుగెత్తండి.

జెనెటిక్స్ డాక్టర్

రాజమండ్రి అమ్మగారూ, ముందు కడుపులో బిడ్డ సంగతి. బాబు జన్యు పరీక్ష, అంటే ఐడీయూఏ జీన్ రిపోర్టు, వెంటనే తెప్పించండి. అది చేతిలో ఉంటే 11-13 వారాల మధ్య మాయ ముక్క తీసి ఈ బిడ్డకి జబ్బు ఉందో లేదో చెప్పగలం. మీకిప్పుడు మూడో నెల, ఒక్క వారం కూడా వదలకండి.

ఇక దాచడం. ఇంట్లో ఇలాంటి జబ్బున్న తోబుట్టువు ఉంటే దాచడంలో అర్థం ఉంది. "ముందుజాగ్రత్త"గా ఎవరి రక్తం వాళ్ళకోసం దాచుకోవడానికి శాస్త్రీయ ఆధారం లేదని భారత వైద్య పరిశోధన మండలి, ఐసీఎంఆరే అంటోంది. కానీ మీ విషయంలో కూడా లెక్క చూడండి. బిడ్డకి జబ్బు లేకుండా ఉండే అవకాశం నాలుగింట మూడు, అన్నతో హెచ్‌ఎల్‌ఏ, అంటే దాత కుదరాలంటే కలవాల్సిన కణాల గుర్తులు, పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. రెండూ కలిసిరావడం పదహారింట మూడే. తీసిన రక్తంలో కణాలు చాలకపోవచ్చు కూడా. అందుకని దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు. బయటి దాత వెతుకులాట ఇవాళే మొదలుపెట్టమనండి. మీరిద్దరూ వాహకులే, అంటే జబ్బు లేకపోయినా లోపమున్న జీన్ ఒకటి మీలో ఉంది, అందుకే మీ కణాల్లో ఎంజైమ్ తక్కువ. సగం కలిసే దాతగా మీరు ఆఖరి వరసలో ఉంటారు.

డబ్బు సంగతి: కేంద్రం 2021లో తెచ్చిన అరుదైన వ్యాధుల విధానంలో తీవ్రమైన ఎంపీఎస్ 1కి మొదటి గ్రూపులోనే, అంటే ఒక్కసారి చేసే చికిత్సతో నయమయ్యే జబ్బుల్లో, చోటుంది, అయితే రెండేళ్ళలోపు అని రాసుంది. సాయం 50 లక్షల దాకా. హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, సీడీఎఫ్‌డీ అనే డీఎన్‌ఏ పరీక్షల సంస్థ కలిపి ఈ విధానం కింద ఒక కేంద్రం. దరఖాస్తు అక్కడినుంచే పెట్టాలి.

రాజమండ్రి అమ్మ

చాలా థాంక్స్ అందరికీ. జీన్ రిపోర్టు గురించి ల్యాబ్‌కి ఫోన్ చేశాం, వస్తుందన్నారు. సోమవారం నిమ్స్‌కి బయల్దేరుతున్నాం. బ్యాంకు అబ్బాయికి తర్వాత చెప్తామన్నాం. అక్కా, వెళ్ళగానే ఎంఆర్‌ఐ తీయించమంటే తీయించేయాలా?

తెనాలి టు డర్హమ్

తీయించు, కానీ మత్తు ఎవరిస్తారో ముందే అడుగు. హర్లర్ పిల్లలకి గొంతు ఇరుకు, మెడ ఎముకలు వదులు, ట్యూబ్ వేయడం కష్టం. వీళ్ళకి ఇదివరకు మత్తు ఇచ్చిన అనస్థీషియా డాక్టరు ఉంటేనే సరే అను. లేకపోతే ఇంకో పెద్దాసుపత్రికి రాయమను. అట్నుంచి ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనీ.